కజీమ్యెష్ దోల్నీకి వెళ్ళడం ఎలా: తిరుగు బస్సు నుంచి మొదలుపెట్టండి

పోలండ్‌లో చదువుకుంటున్న మనవాళ్ళూ, పిల్లల్ని చూడ్డానికి వేసవిలో వచ్చిన అమ్మానాన్నలూ ఈమధ్య అడుగుతున్నది ఒకటే. "వార్సా చూశాం, క్రాకోవ్ చూశాం. ఏదైనా చిన్న పాత ఊరికి వెళ్ళాలంటే ఎలా?" నేను చెప్పేది కజీమ్యెష్ దోల్నీ. విస్తులా నది కుడి ఒడ్డున, సున్నపురాతి కొండల కింద ఇమిడిపోయిన ఊరు. జనాభా రెండున్నర వేలు. వార్సా నుంచి 150 కిలోమీటర్ల లోపు, లూబ్లిన్ నుంచి 50.

ఎక్కువమంది ఇక్కడికి పొద్దున పదకొండుకి దిగి సాయంత్రం ఐదుకి తిరుగు బస్సెక్కేస్తారు. ఊరు కిక్కిరిసి ఉండేది సరిగ్గా ఆ ఆరు గంటలే. క్షేత్రానికి వెళ్తే ఒక రాత్రి నిద్ర చేస్తాం కదా, ఇక్కడా అలాగే చేయండి. కింద రాసిన వరుసంతా ఆ ఒక్క రాత్రిని పెట్టుకునే కట్టాను.

1. ముందు పేరు సరిచూసుకోండి

క్రాకోవ్ నగరంలో కజీమ్యెష్ అనే పెద్ద పేట ఉంది. గదుల సైట్లో ఆ పేరు కొడితే చాలాసార్లు ముందు వచ్చేది అదే. నాకు తెలిసిన ఒక జంటకి ఇలాగే అయింది: గది క్రాకోవ్‌లో, వాళ్ళేమో ఈ ఊరికి దగ్గరి రైల్వే స్టేషనున్న పువావిలో. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని గది కావడంతో ఆ సొమ్ము పోయినట్టే.

దోల్నీ అంటే దిగువ. మనకి ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం ఉన్నట్టే, నది పైన క్రాకోవ్ దగ్గరున్న కజీమ్యెష్‌తో కలిసిపోకుండా దీనికి ఆ పేరు. గది తీసుకునేటప్పుడు చిరునామాలో పిన్‌కోడ్ 24-120 ఉందో లేదో చూడండి. ఉంటే సరైన ఊరే.

పలకడం గురించి ఒక ముక్క. పోలిష్‌లో అడ్డగీత కొట్టిన ఎల్ అక్షరాన్ని 'వ' అని పలకాలి. కాబట్టి మీరు దిగాల్సిన రైల్వే స్టేషన్ పులావి కాదు, పువావి. కౌంటర్ దగ్గర పులావి అంటే అవతలివాళ్ళు మొహం చిట్లిస్తారు. ఫోన్‌లో పేరు తెరిచి చూపించడం అన్నిటికన్నా సులువు.

2. రోజు ఎంచుకోవడం

మంగళవారం వెళ్ళి బుధవారం తిరిగి రావడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది. సోమవారం మ్యూజియంలు మూసి ఉంటాయి. శని ఆదివారాల్లో వార్సా సగం ఇక్కడే ఉన్నట్టుంటుంది, కార్లు నదిగట్టు దాకా బారులు తీరతాయి.

మానుకోవాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి. మే 1 నుంచి 3 వరకు వరస సెలవులు. కార్పస్ క్రిస్టి అనే కాథలిక్ పండగ వచ్చే గురువారం, దాన్ని పట్టుకుని జనం పెట్టుకునే నాలుగు రోజుల సెలవు. ఆగస్టు 15 చుట్టుపక్కల రోజులు. జూన్ చివర్లో జానపద గాయకుల ఉత్సవం జరుగుతుంది. పాటల కోసమే వెళ్ళేవాళ్ళకి అది పండగే, కానీ గది చాలా ముందే దొరకబుచ్చుకోవాలి.

నన్నడిగితే మే నెల రెండో సగం, లేదా అక్టోబరు మొదటి సగం. వెలుతురు లెక్క కూడా వేసుకోండి. జూన్‌లో తొమ్మిది దాకా పొద్దు ఉంటుంది, డిసెంబరులో మూడున్నరకే చీకటి. చలికాలం వెళ్తే కింద చెప్పిన వరుసలో కొండ ఎక్కడాన్ని మధ్యాహ్నానికి జరపాలి.

3. కాగితాలు, డబ్బు

పోలండ్‌లో ఉంటున్నవాళ్ళు నివాస కార్డు, పాస్‌పోర్టు వెంట ఉంచుకుంటే చాలు. ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వైద్య బీమా 30,000 యూరోలకి తగ్గకూడదు.

ఇక్కడ యూరోలు చెల్లవు, జ్లోటీలే. కార్డు దాదాపు అంతటా పనిచేస్తుంది కానీ మినీబస్సు డ్రైవరుకీ, కొండ మీది టికెట్టుకీ, మరుగుదొడ్డికీ చిల్లర కావాలి. చిన్న నోట్లు, నాణేలు కలిపి ఒక వంద జ్లోటీలు జేబులో ఉంచుకోండి. ఇండియా కార్డు గీసినప్పుడు యంత్రం "రూపాయల్లో కట్టమంటారా, జ్లోటీల్లోనా" అని అడిగితే జ్లోటీలే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్ళిష్టం.

4. తిరుగు బస్సు, ఆ తర్వాత వెళ్ళే బండి

ఈ ఊరికి రైలు లేదు. దగ్గరి స్టేషన్ 13 కిలోమీటర్ల దూరంలోని పువావి. అక్కడ రెండు స్టేషన్లున్నాయి: పువావి, పువావి మ్యాస్తో. మ్యాస్తో అంటే పట్టణం. మీరు దిగాల్సింది మ్యాస్తోలో, ఊరి మధ్యకి అదే దగ్గర. వార్సా నుంచి గంటన్నర అటూ ఇటూ ప్రయాణం. అక్కడి నుంచి కజీమ్యెష్‌కి సిటీ బస్సులు, మినీబస్సులు అరగంటలో చేరుస్తాయి. లూబ్లిన్‌లో ఉండేవాళ్ళు రైలు జోలికి పోనక్కర్లేదు, నేరుగా బస్సులో గంట పైచిలుకు.

ఈ వరుసలో పని కానివ్వండి:

☐ ముందు రెండో రోజు తిరుగు బస్సు చూడండి. చివరిది కాకుండా దానికి ముందుది మీది అనుకోండి.
☐ ఆ బస్సు అందుకునే తిరుగు రైలు చూడండి. మధ్యలో కనీసం 40 నిమిషాలు వదలండి.
☐ అప్పుడు వెళ్ళే రైలు. వార్సా నుంచి పన్నెండు ప్రాంతంలో బయల్దేరేది తీసుకోండి, ఊళ్ళో మూడుకి దిగుతారు.
☐ పోలండ్ విశ్వవిద్యాలయంలో చదివే 26 ఏళ్ళ లోపువాళ్ళు విద్యార్థి కార్డు పెట్టుకోండి. రైలు టికెట్‌లో 51 శాతం తగ్గుతుంది. కార్డు ఇంట్లో మర్చిపోతే తగ్గింపు టికెట్ ఉన్నా జరిమానా కట్టాలి.

బస్సు పట్టికలో అంకెల పక్కన చిన్న అక్షరాలుంటాయి. డి అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా, సెలవు రోజులు తప్ప. ఎస్ అంటే బడులు నడిచే రోజుల్లో మాత్రమే. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒక జూలై సాయంత్రం పట్టికలో 17 గంటల గడిలో అంకె చూసి ధీమాగా నిలబడ్డాను. బస్సు రాలేదు. గంటన్నర తర్వాత, కుక్కని తిప్పుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన నన్ను పట్టిక దగ్గరికి తీసుకెళ్ళి, అంకె పక్కన నలకంత ఎస్ మీద వేలుపెట్టి "వకాత్సియె" అన్నారు. సెలవులు అని. ఆ రాత్రి టాక్సీకి పోసిన డబ్బుతో ఇంకో రోజు ఊళ్ళోనే ఉండొచ్చు.

స్టాప్ దగ్గర ఒద్యాజ్ది అని రాసి ఉన్న పట్టికే చూడండి, అది బయల్దేరే వేళలది. ప్షియాజ్ది అంటే వచ్చే వేళలు.

కారులో వెళ్ళేవాళ్ళు చౌకు దాకా పోవాలని చూడకండి. ఊరి మొదట్లో, నదివైపున్న పార్కింగుల్లో ఎక్కడ చోటు దొరికితే అక్కడ పెట్టేసి నడవండి. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి పావుగంట నడక.

5. గది, చెప్పులు, సామాను

రీనెక్ అనే నడి చౌకుకి పది నిమిషాల నడక దూరంలో గది చూసుకోండి. చౌకు మీదే తీసుకుంటే శుక్ర, శనివారాల్లో రాత్రి మాటల గోల ఉంటుంది. కొండవాలు మీది అతిథి గృహాల నుంచి చూపు బాగుంటుంది కానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే మెట్లెన్నో ముందే అడగండి.

చౌకంతా గుండ్రాళ్ళు పరిచిన నేల. ఇలాంటి రాళ్ళని పోలిష్‌లో పిల్లి తలలు అంటారు. చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. చక్రాల పెట్టె అక్కడ లాగితే చక్రం ఊడటం ఖాయం. వీపు సంచీ చాలు. పాదాన్ని గట్టిగా పట్టే, మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. చీర కట్టుకుని ఫొటో దిగాలని వచ్చే అమ్మలకీ ఇదే మాట: పైన చీర, కింద బూట్లు.

6. మొదటి రోజు: మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి దాకా

*మూడు గంటలు.* గదిలో సంచీ పడేసి ముందు మ్యూజియం చూసేయండి, తర్వాతైతే మూసేస్తారు. ఒక్కటే చూడగలిగితే సెనాటోర్స్కా వీధిలోని త్సెలేయ్ వారి ఇల్లు చూడండి. 1635 ప్రాంతంలో కట్టిన వర్తకుడి ఇల్లు, ఇప్పుడు ఈ ఊరిని గీసిన చిత్రకారుల బొమ్మలున్నాయి. బొమ్మల్లో చూసిన సందుల్ని బయటికొచ్చాక వెతుక్కోవడం సరదాగా ఉంటుంది, పిల్లలకి మరీ.

*నాలుగున్నర.* రీనెక్. ప్షిబివా అన్నదమ్ముల జంట ఇళ్ళ ముందు నిలబడండి. 1615 నాటివి. గోడ నిండా ఎక్కడా ఖాళీ వదలకుండా సున్నపు బొమ్మలు. ఒక ఇంటి మీద భుజాన బాల యేసుని ఎత్తుకున్న సెయింట్ క్రిస్టఫర్, పక్కింటి మీద సెయింట్ నికొలస్. ఇళ్ళ యజమానుల పేర్లూ అవే, ఎవరి పేరున్న సెయింటుని వాళ్ళు గోడకెక్కించుకున్నారన్నమాట. ఫొటో తీసేముందు కిటికీల చుట్టూ ఉన్న చెక్కడాలు దగ్గరికెళ్ళి చూడండి.

*ఐదున్నర.* చర్చి. దీంట్లోని పైపుల ఆర్గన్ 1620 నాటిది, పోలండ్‌లో మిగిలిన పాతవాటిలో ఒకటి. వేసవిలో కచేరీలుంటాయి, తలుపు మీద కాగితం అంటిస్తారు. ప్రార్థన జరుగుతుంటే లోపల తిరగకండి, వెనక వరసలో కూర్చోండి. మన గుడికి తిరగేసిన పద్ధతి: చెప్పులు విప్పనక్కర్లేదు, మగవాళ్ళు టోపీ తీయాలి.

*ఆరు దాటాక.* పగటి జనం వెళ్ళిపోయి ఉంటారు. నదిగట్టు మీదికి వెళ్ళండి. చేయాల్సింది ఏమీ లేదు, కూర్చోవడమే. గట్టు మీద బీరు తెరవకండి, బహిరంగ ప్రదేశాల్లో మద్యం తాగితే పోలీసులు జరిమానా వేస్తారు. భోజనం అయ్యాక మళ్ళీ ఒకసారి రీనెక్‌కి రండి. చెక్క కప్పున్న బావి, దీపాలు, మీ బూట్ల చప్పుడు. రాత్రి ఉండమన్నది దీనికోసమే.

7. రెండో రోజు: ఆరున్నరకి లేవండి

*ఏడు గంటలు, మూడు శిలువల కొండ.* చర్చి పక్క నుంచి దారి. నిటారుగా ఉంటుంది, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవచ్చు. మామూలుగా పైకి వెళ్ళడానికి నాణేల్లో చిన్న టికెట్ ఉంటుంది. పొద్దున్నే ఎందుకంటే కొండ ఊరికి తూర్పున ఉంది. సూర్యుడు మీ వీపు వెనక ఉండి, ఎర్ర పెంకుల కప్పులూ నదీ వెలుగులో కనిపిస్తాయి. సాయంత్రమైతే ఎండ కళ్ళలో పడి ఫొటోలో ఊరు నల్లగా వస్తుంది.

*తొమ్మిదిన్నర.* కిందికొచ్చి టిఫిన్ చేసి, కోట తెరిచే వేళకి జామ్కోవా వీధి ఎక్కండి. కోట శిథిలం, ఇంకాస్త పైన గుండ్రటి బురుజు. బురుజు గోడ మందం నాలుగు మీటర్లు. లోపలి మెట్లు ఇరుకు, పసిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కకండి.

*పదకొండు: లోయ.* జనం దిగే వేళకి మీరు ఊరు వదిలి లోయలోకి వెళ్తారు. కొజెన్యోవీ దూవ్ అంటే వేళ్ళ గుంట. రీనెక్ నుంచి సుమారు రెండు కిలోమీటర్లు. ఇక్కడి నేల లోయెస్ అనే మెత్తటి పసుపు మన్ను, గాలి తెచ్చి పోసింది. నీళ్ళూ బండి చక్రాలూ కోసి కోసి దారిని కిందికి దింపేశాయి. రెండు పక్కలా నిలువు గోడలు, గోడల్లోంచి మనిషి తొడంత వేళ్ళు గాల్లోకి వేలాడుతుంటాయి. గోడ మీద వేలితో రాస్తే పిండిలా రాలుతుంది, కాబట్టి రాయకండి. వేళ్ళ మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీయడం వల్ల కూడా మన్ను ఊడిపోతోంది.

వాన పడిన రోజు, పడిన మర్నాడు లోయ వద్దు. ఆ మన్ను తడిస్తే సబ్బే. గాలి ఎక్కువగా ఉన్నా వద్దు, పైన చెట్ల వేళ్ళకి పట్టు లేదు. అలాంటప్పుడు ఆ రెండు గంటలు నదిగట్టునున్న 1591 నాటి ధాన్యం కొట్టంలోని ప్రకృతి మ్యూజియానికి మార్చుకోండి.

*ఒంటిగంటన్నర.* లోయ నుంచి వచ్చి భోజనం. తర్వాత మావీ రీనెక్, అంటే చిన్న చౌకు. పాత మాంసపు కొట్ల చెక్క సాల, దాని పక్కన 18వ శతాబ్దపు సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. యుద్ధానికి ముందు ఈ ఊళ్ళో ఇంచుమించు సగం మంది యూదులు. 1942లో వాళ్ళని బెవ్జెత్స్ మృత్యు శిబిరానికి తరలించారు. వాళ్ళ సమాధి రాళ్ళని నాజీలు పెరికి నేలకి పరిచారు. ఆ రాళ్ళనే తిరిగి ఏరి 1984లో చెర్న్యావి శ్మశానం దగ్గర గోడగా నిలబెట్టారు. ఆ గోడ మధ్యలో, పైనుంచి కింది దాకా, కావాలని వదిలిన పగులు ఉంటుంది. చౌకు నుంచి పాతిక నిమిషాల లోపు నడక. అక్కడ పూలు కాదు, చిన్న రాయి పెట్టడం ఆచారం, మగవాళ్ళు తల కప్పుకుంటారు. సెల్ఫీలు తీసుకునే చోటు కాదు.

*ఇంకా సమయం ఉంటే* పడవ మీద నది దాటి యానోవ్యెత్స్ కోటకి వెళ్ళొచ్చు. పంటు కార్లని కూడా ఎక్కించుకుంటుంది. కానీ చలికాలం నడవదు, వేసవిలోనూ నీటిమట్టం తగ్గితే ఆపేస్తారు. గదివాళ్ళని పొద్దున్నే అడిగి వెళ్ళండి. తిరుగు బస్సు దగ్గరపడితే దీన్ని మొహమాటం లేకుండా వదిలేయండి.

8. తిండి: శాకాహారులు ఇది రెండుసార్లు చదవండి

భోజనానికి ముందు రొట్టెతో పాటు చిన్న గిన్నెలో తెల్లటి ముద్ద తెచ్చి పెడతారు. వెన్న అనుకుంటారు. అది స్మాలెత్స్, పంది కొవ్వు. మా మామయ్య రెండు ముక్కలకి రాసుకుని "ఉప్పు బాగా పడింది" అన్నాక తెలిసింది.

☐ ప్యెరోగి రుస్కియె: బంగాళదుంప, జున్ను కూరిన కజ్జికాయ ఆకారపు ఉడుకు వంటకం. తినొచ్చు. కానీ పైన వేయించిన పంది ముక్కలు చల్లుతారు, "బెజ్ స్క్వారెక్" అని ముందే చెప్పండి.
☐ ఎండు పుట్టగొడుగులు, క్యాబేజీ పెట్టిన ప్యెరోగి: సరే.
☐ ప్లాత్స్కి: బంగాళదుంప అట్లు. గుడ్డు ఉంటుంది. మాంసం కూర పొయ్యకుండా పుల్లటి మీగడతో అడగండి.
☐ జూరెక్, రోసూవ్ చారులు: మాంసం లేకుండా ఉండవనే అనుకోండి.
☐ త్సెబులాష్: లూబ్లిన్ ప్రాంతపు రొట్టె, పైన ఉల్లిపాయ, గసగసాలు. వేడిగా దొరికితే రెండు కొనండి, బస్సులో పనికొస్తాయి.
☐ కోగుత్: కోడిపుంజు ఆకారపు తియ్యటి రొట్టె, ఈ ఊరి గుర్తు. పైన గుడ్డు సొన పూస్తారు. ఆ పూటే తినాలి, మర్నాటికి రాయి అవుతుంది. గోడకి తగిలించుకుందామని కొనేవాళ్ళకి మాత్రం అదే కావాలి.

"బెజ్ మ్యెన్సా" అంటే మాంసం లేకుండా. చేప మాంసం కాదనుకునేవాళ్ళు ఉంటారు, "బెజ్ రిబి" కూడా కలపండి.

ఆదివారం పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి, ఏడాదిలో కొన్ని ఆదివారాలు తప్ప. పసిపిల్లలున్నవాళ్ళు పాలు, పళ్ళు శనివారమే కొనిపెట్టుకోండి.

9. జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

బిల్లు నగదుగా ఇస్తూ "జెంకుయె" అనకండి. ధన్యవాదాలు అనే దాని అర్థం, కానీ డబ్బు చేతిలో పెడుతూ అంటే "చిల్లర ఉంచుకో" అని. వంద నోటిచ్చి అరవై బిల్లు కట్టినవాళ్ళు నలభై టిప్పు ఇచ్చినట్టే. అప్పుడు "ప్రోషె" అనండి, చిల్లర చేతికొచ్చాక జెంకుయె. నోరు జారితే సిగ్గుపడకుండా "రెష్తా" అని అడగండి, చిల్లర అని.

మరుగుదొడ్డి తలుపు మీద త్రికోణం ఉంటే మగవాళ్ళకి, గుండ్రం ఉంటే ఆడవాళ్ళకి.

లోయలో, గడ్డిలో తిరిగాక గదికొచ్చి కాళ్ళు, మోకాలి వెనక, నడుము దగ్గర చూసుకోండి. ఇక్కడి పిడుదులు లైమ్ అనే జబ్బు తెస్తాయి. కరిచి ఉంటే నూనె, వెన్న పూయకండి. చిన్న పటకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా లాగేసి, ఆ చోటు శుభ్రం చేయండి. తర్వాతి వారాల్లో ఎర్రటి మచ్చ పెద్దదవుతుంటే డాక్టరుకి చూపించండి.

బస్సు తప్పిపోతే ముందు స్టాప్‌లోనే ఇంకో మినీబస్సు పట్టిక ఉందేమో వెతకండి, వేర్వేరు సంస్థల కాగితాలు పక్కపక్కనే అంటించి ఉంటాయి. అదీ లేకపోతే పువావి దాకా టాక్సీ, అక్కడి నుంచి రైలు. నలుగురుంటే ఆ ఖర్చు మరీ కాటెయ్యదు. అత్యవసరానికి 112.

10. గడప దాటేముందు

☐ గది చిరునామాలో 24-120
☐ తిరుగు బస్సు వేళ, దాని పక్కన అక్షరం, రెండూ ఫొటో తీసి
☐ దిగేది పువావి మ్యాస్తోలో
☐ పాస్‌పోర్టు, నివాస కార్డు, విద్యార్థి కార్డు
☐ చిల్లర నాణేలు
☐ మందపాటి బూట్లు, వాన కోటు (గొడుగు లోయలో పనికిరాదు)
☐ చిన్న పటకారు
☐ ఖాళీ నీళ్ళ సీసా. కుళాయి నీళ్ళు తాగొచ్చు, కొనేటప్పుడు మాత్రం సీసా మీద "న్యెగజోవానా" అని ఉందో లేదో చూడండి, లేకపోతే సోడా వస్తుంది
☐ పచ్చడి సీసా. ఇది నేను చెప్పకపోయినా పెట్టుకుంటారు, మూత గట్టిగా బిగించండి